మాస్టారి మేడగది సరుకు: జాబితా పని ఎంతవరకు వచ్చింది

పని ఏంటంటే

ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా వీధిలో ఒక మాస్టారున్నారు. వయసు ఎనభై దాటింది. బళ్ళో సోషల్ చెప్పి రిటైరయ్యారు గానీ ఊళ్ళో ఎవరినడిగినా సోషల్ మాస్టారు అనరు, పాత సామాన్ల మాస్టారు అంటారు. కుర్రతనం నుంచి ఊరూరా తిరిగి పోగేసిందంతా మేడమీది గదిలో ఉంది. నాణేలు, తాటాకు కట్టలు, గంజప పేకముక్కలు, తాటాకు మీద రాసే గంటాలు, అడకత్తెరలు, ఇత్తడి కొలతపాత్రలు, తాళాలు, రైలు టికెట్లు, జమీందారీ రసీదులు, ఏ గుడిదో తెలియని గంట తాలూకు నాలుక ఒకటి. ట్రంకుపెట్టెల్లో కొన్ని, డాల్డా డబ్బాల్లో కొన్ని, పాత చీర ముక్కల్లో మూటకట్టినవి కొన్ని. వీటన్నిటికీ ఒక జాబితా రాయడమే ఈ పని. నాకు బజార్లో డీటీపీ షాపుంది, ఫొటోలు తియ్యడం వచ్చు, పాత వస్తువులంటే పిచ్చి ఉంది, అంతకుమించి అర్హతలేమీ లేవు. మాస్టారి మనవరాలు ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, చదువుతోంది, సాయంత్రాలు తనూ వచ్చి కూచుంటుంది.

ఇప్పుడే ఎందుకంటే రెండు కారణాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాని ఎలా ఊడ్చేసిందో వేరే చెప్పక్కర్లేదు, ఆ రాత్రి మేడగది పైరేకులు లేచిపోయి సగం పెట్టెలు తడిశాయి. అప్పటినుంచి ఇంట్లో "ఇవన్నీ ఏం చేద్దాం" అన్న మాట పండక్కీ పబ్బానికీ వస్తూనే ఉంది. రెండోది, ఈమధ్య ఎవరో పాత వస్తువులు కొనే మనిషి వచ్చి, గుమ్మంలోంచే లోపలికి ఒక చూపు చూసి, "మొత్తం కలిపి ఒక రేటు చెప్పండి మాస్టారూ" అన్నాడట. ఆ "మొత్తం కలిపి" అన్న ముక్కకి ఆయనకి ఎక్కడ మండాలో అక్కడ మండింది. మర్నాడు పొద్దున్నే షాపుకొచ్చి, "ఏమ్మా, నీ కెమెరా ఖాళీగా ఉందా?" అన్నారు.

వరస కదపలేదు

మాస్టారి అబ్బాయి ఊళ్ళో ఉండరు. ఫోన్లో ఆయన చెప్పిన సలహా చాలా శుభ్రంగా ఉంది: నాణేలన్నీ ఒకచోట, తాటాకులన్నీ ఒకచోట, ఇత్తడి సామాను ఒకచోట పెట్టేసి నంబర్లు వేసుకుంటూ పోండి, మ్యూజియాల్లో అలాగే ఉంటాయి కదా అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి ట్రంకుపెట్టె తెరిస్తే ఒకే మూటలో ఒక తాళం, నాలుగు రాగి డబ్బులు, చివర విరిగిన గంటం, మామిడికాయ చెక్కలు కోసే కత్తిపీట బ్లేడు ఉన్నాయి. ఇదేం కలగాపులగం అనుకునేలోపు మాస్టారు మూట గుడ్డ చూసి, "అది కాశీనగరం నూనె కొట్టువాళ్ళింట్లోది" అనేశారు. వస్తువు చూడనే లేదు. గుడ్డ చూసి చెప్పారు. ఇంకో మూట గారబంధ కరణంగారి పెరట్లో గోడ పడగొట్టినప్పుడు వచ్చింది. ఇంకోటి గుణుపురం సంతలో కొన్నది. పాతపట్నం వైపునుంచి వచ్చినవి విడిగా ఒక ఆకుపచ్చ పెట్టెలో ఉన్నాయి, ఆ పెట్టె కూడా అక్కడిదే.

అంటే ఆ గదిలో వరస ఉంది, మనకి అలవాటైన వరస కాదు. ఏ రకం వస్తువు అన్న లెక్కలో కాదు, ఎవరింట్లోంచి వచ్చింది అన్న లెక్కలో సర్దారు. నాణేలన్నీ తీసి నాణేల ఆల్బంలో పెట్టేస్తే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ నూనె కొట్టు మూట చెదిరిపోయాక ఆ నాలుగు డబ్బులు ఆ తాళానికి సంబంధించినవని, ఆ ఇంటి గల్లాపెట్టెలోవని ఇంకెవరూ ఎప్పటికీ చెప్పలేరు. అందుకని మా నంబర్లలో ముందు పెట్టె, తర్వాత మూట, ఆ తర్వాతే వస్తువు. మూట విప్పకముందు ఒక ఫొటో, విప్పి ఎలా ఉందో అలా ఒక ఫొటో, తర్వాత ఒక్కొక్కదానికీ విడివిడిగా. మూట గుడ్డకీ నంబరుంది. పాత చీరముక్కకి నంబరేంటక్కా అని మనవరాలు నవ్వింది గానీ, వాళ్ళ తాతగారు గుడ్డని బట్టే ఊరు చెప్తుంటే ఇంక నవ్వడం మానేసింది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్ళు కంపెనీ కాలపు సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊళ్ళు తిరిగినప్పుడు శాసనాలు, నాణేలు పోగెయ్యడంతో ఆగలేదు, ఊరి కరణాలూ పెద్దలూ చెప్పిందీ రాయించుకున్నారు. మెకంజీ 1821లో పోయాడు, అలా రాయించిన ఊరి చరిత్రలు, కైఫీయతులు, మాత్రం ఇవాళ్టికీ జనం తిరగేస్తూనే ఉన్నారు. వస్తువు దొరికినవాడి మాట పక్కన లేకపోతే వస్తువు సగమే.

నాణేలు

ఎక్కువ సమయం తిన్నది ఇదే, ఇంకా అయిపోలేదు. ముందు చిన్నవి. ఒక హోమియో మందు సీసాలో దూదిలో చుట్టి ఫణాలనే బుల్లి బంగారు నాణేలు కొన్ని ఉన్నాయి, కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులవి. చిటికెన వేలి గోరు మీద పెట్టినా ఇంకా చోటు మిగిలేంత చిన్నవి, అర గ్రాము బరువు కూడా ఉండవు, అందుకని గ్రాములో నూరో వంతు చూపించే నగల త్రాసు ఒకటి కొన్నాం. ఒకవైపు పడుకున్న నంది, ఇంకోవైపు "స" అన్న అక్షరం, దానితో పాటు అంకె. ఆ అంకెలు తెలుగు-కన్నడ లిపివి. మనం ఇప్పుడు రాసే తెలుగంకెల్లా సూటిగా ఉండవు గానీ, పాత అంకెల చార్టు పక్కన పెట్టుకుని కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుంటే మెల్లగా కుదురుతుంది. ఎక్కడో ఒడిశా సరిహద్దు ఊళ్ళో కూచుని ఎనిమిదొందల ఏళ్ళ నాటి నాణెం మీద అంకె చదివేటప్పుడు కలిగే గర్వం వేరు. గాంగుల రాజధాని కళింగనగరం అంటే ముఖలింగమే అంటారు, వంశధార ఒడ్డున, మాకు బస్సు దూరం.

అంకె చదివేస్తే అయిపోలేదు, అంక లెక్క ఉంది. ఇది తెలియనివాళ్ళకోసం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకే ఇది కాగితం మీద వేసుకుంటే తప్ప ఎక్కలేదు. రాజు ఏలుబడిలో ఏళ్ళు లెక్కపెట్టేటప్పుడు కొన్ని అంకెలు వదిలేస్తారు. ఒకటి ఉండదు, రెండుతో మొదలు. ఆరు ఉండదు, ఆరుతో ముగిసేవేవీ ఉండవు. సున్నాతో ముగిసేవీ ఉండవు, పది ఒక్కటి తప్ప. కాబట్టి 17వ అంకం అని ఉంటే రాజు గద్దెనెక్కి పదిహేడేళ్ళు అని కాదు, ఒకటి, ఆరు, పదహారు తీసేస్తే పద్నాలుగో ఏడు. 21వ అంకమైతే ఇరవై కూడా పోయి పదిహేడో ఏడు. ఇప్పటికీ పూరీ గజపతి రాజు పేరుమీద ఒడియా పంజికల్లో, అంటే పంచాంగాల్లో, ఈ లెక్క వేస్తారు, భాద్రపదంలో సునియా రోజున అంకం మారుతుంది. మనవరాలికి సునియా తెలుసు, ఈ లెక్క తెలియదు. మాస్టారు ఆ పిల్లకి వేళ్ళమీద లెక్కపెట్టి చూపించారు, నేను పక్కనుంచి దొంగచూపులు చూసి నేర్చుకున్నాను.

అసలు చిక్కు ఎక్కడంటే ఆ ఫణాల మీద రాజు పేరుండదు. ఏడు ఉంటుంది, ఎవరి ఏడో ఉండదు. అందుకని ఇవి ఎక్కడ, వేటితో కలిసి దొరికాయన్నదే వాటికి ఆధారం. మాస్టారి చీటీలో "కంసాలి ఇచ్చాడు, కరగబోతుంటే ఆపాను, పాత ధరకే" అని ఉంది. ఏ కంసాలి అని అడిగితే పేరు చెప్పారు, వీధి చెప్పారు, ఆ కంసాలికి ఎవరు అమ్మారో మాత్రం ఆయనా అడగలేదట, "అడిగితే రెండోసారి నాకు కబురెట్టడు కదమ్మా" అన్నారు. ఆ మాట అలాగే రాసుకున్నాం. అసలువో కాదో తేల్చడానికి ఒకాయన గీటురాయి తెస్తానన్నాడు, వద్దన్నాం. అర గ్రాము నాణెం మీద గీత పెడితే మిగిలేదేముంది. బరువు, అడ్డుకొలత, రెండువైపులా ఫొటో, అంచు ఫొటో, ప్రస్తుతానికి అంతే.

రాగి నాణేల్లో నాకు నచ్చింది ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళు ఉత్తర సర్కారుల కోసమే, అంటే ఈ ఉత్తర తీరపు జిల్లాల కోసమే, కొట్టించినది, 1794 అని ఏడు వేసి ఉంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో తయారై ఓడెక్కి వచ్చింది. ఒక రూపాయికి 48 అని నాణెం మీదే ఉంటుంది. గంజాం కూడా అప్పుడు ఉత్తర సర్కారుల్లోదే కాబట్టి ఇది అచ్చంగా మన పక్క చలామణీ కోసం వచ్చిన డబ్బు. దాని పక్కనే 1808 నాటి పది కాసుల నాణెం. ఇవి ఆన్‌లైన్లో తళతళలాడేవి చవగ్గా దొరుకుతాయి, దాని వెనక కథేంటంటే అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ ఈ నాణేలు వేసుకుని బయల్దేరి 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్‌విన్ ఇసుకమేటల దగ్గర మునిగిపోయింది, 1980లలో బయటికి తీశారు. అంటే ఆ మెరిసేవాటిలో చాలావరకు ఇండియా మొహం చూడనివే. మాస్టారిది మాత్రం అరిగిపోయి, అక్షరాలు తడిమితే గానీ తెలియకుండా ఉంది. బజారు ధర అడిగితే మెరిసేదానికే ఎక్కువ చెప్తారేమో, నన్నడిగితే ఈ అరిగిందే మేలు, ఇది ఇక్కడి చేతుల్లో తిరిగింది.

ఇక దొంగ సరుకు. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలుండి, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ అని, 1818 అని ఉండే నాణేలు మీలో చాలామంది చూసే ఉంటారు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ వెయ్యలేదు, ఇవన్నీ తర్వాతెవరో పోతపోసి అమ్ముకున్నవి. మాస్టారి దగ్గర దోసెడు ఉన్నాయి, అభిమానంగా తెచ్చి ఇచ్చినవాళ్ళని కాదనలేక ఉంచేశారు. పారెయ్యలేదు, వాటికీ నంబర్లు వేశాం, "తర్వాతి కాలం తయారీ" అని ఎర్ర పెన్నుతో రాసి. దీనివల్ల వచ్చిన గొడవ ఇంకోటి ఉంది. మేం పని మొదలెట్టిన సంగతి ఎలా పాకిందో గానీ ఇద్దరు కుర్రాళ్ళు బండిమీద వచ్చి, "మాస్టారూ, మీ దగ్గర ఆర్పీ సరుకుందట కదా" అని మొదలెట్టారు. రైస్ పుల్లింగ్. రాగి చెంబో నాణేమో బియ్యం గింజల్ని లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని, కోట్లు పలుకుతుందని. రెండు పక్కలా, ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ, దీనికి పొలాలమ్ముకున్నవాళ్ళున్నారు. గింజలకి ముందే ఇనప రజను పట్టించి అయస్కాంతంతో ఆడించే గారడీ ఇది. మాస్టారు వాళ్ళని కూచోబెట్టి, వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెప్పించి, ఆ దోసెడు నాణేలూ అందులో పోసి, "లాగమనండి, చూద్దాం" అన్నారు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

కడగడం గురించి: కడగలేదు. చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు ఏదీ దగ్గరికి రానివ్వలేదు. పైన పట్టిన నలుపే ఆ రాగికి కవచం. కొన్నిటిమీద మాత్రం లేతాకుపచ్చ పొడి రాలుతోంది, గోటితో అంటే ఊడొచ్చేస్తోంది, అది మామూలు చిలుము కాదు, లోహాన్ని లోపలికి తినేసే తెగులు, ఉప్పుగాలి, తడి ఉన్నచోట ఎక్కువ. అలాంటివి వేరుచేసి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాం. మిగతావి కాగితం కవర్లలో. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు, కొన్నాళ్ళకి జిగురుగా మారి నాణెం మీద పచ్చగా అంటుకుంటాయి.

గంజప ముక్కలు

గుండ్రటి పేకముక్కలు. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, బొమ్మలు గీసి, లక్క పట్టిస్తారు. ఒక్కో రంగుకి పన్నెండు ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా. ఎనిమిది రంగుల ఆటైతే 96, దశావతారాలదైతే 120, పన్నెండు రంగులది 144. మాస్టారి దగ్గర ఇవి ఒక కొయ్యపెట్టెలో కుప్పగా ఉన్నాయి, ఒకటే కట్ట అని ఆయన అనుకుంటున్నారు. నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉండింది. ముక్కల అడ్డుకొలత తీస్తే రెండు గుంపులు తేలాయి, వెనకవైపు పూత ఎరుపు కూడా రెండు రకాలు. నేల మీద దుప్పటి పరిచి రంగుల వారీగా, అంకెల వారీగా పేర్చుకుంటూ పోయాం. ఒక కట్ట ఎనిమిది రంగులది, రాజుల్లో ఒకడు లేడు, చిల్లర ముక్కలు కొన్ని లేవు. రెండో కట్టలో చేప, తాబేలు, వరాహం కనిపించగానే దశావతారం అని అర్థమైంది, అది సగం కూడా లేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక అట్టముక్క. ఎవరో, ఎప్పుడో, పోయిన ముక్కకి బదులు ఏదో డబ్బా అట్టని గుండ్రంగా కత్తిరించి, సిరాతో ఏడు చుక్కలు పెట్టి, ఆట ఆగకుండా చూసుకున్నారు. మనవరాలు దాన్ని చెత్తనుకుని పక్కన పెట్టబోతే మాస్టారే ఆపారు. దానికి కట్టలో ఆ ముక్క నంబరే ఇచ్చాం, పక్కన "మారు ముక్క" అని.

ఆట ఎలా ఆడతారో కూడా చెప్పించుకున్నాం. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది, తిరగబడుతుంది. ఏ రంగులు తిరగబడతాయో మాస్టారికి ఖాయంగా గుర్తులేదు, రెండు వరసలు చెప్పారు, రెండూ రాసుకున్నాం. ఆడే పెద్దవాళ్ళు ఎవరైనా మిగిలుంటే తేలాలి.

తాటాకులు, దాంతోపాటు చట్టం గొడవ

తిత్లీకి తడిసింది ఎక్కువగా ఈ పెట్టే. కాగితాలైతే ముద్దయిపోయేవి. తాటాకు మీద అక్షరం గంటంతో గీసింది కాబట్టి నీళ్ళకి మసి పోయినా గీత పోలేదు. అప్పట్లోనే మాస్టారు, ఆయన భార్య మామ్మగారు కలిసి నీడలో, నూలుగుడ్డల మధ్య, ఒక్కో ఆకూ ఆరబెట్టారట. అంటుకుపోయినవాటిని లాగలేదు, అదే మంచిదైంది. ఇప్పుడు మేం చేసింది తక్కువే: మెత్తటి బ్రష్షుతో దుమ్ము, పురుగు గుడ్లు దులపడం, ఆకుల లెక్క, రెండు చివర్ల ఫొటో, ఏ లిపో రాయడం. తెలుగువీ ఒడియావీ రెండూ ఉన్నాయి. నిమ్మగడ్డి నూనె పట్టించడం, మసి రుద్ది అక్షరం తేల్చడం మాస్టారికి వచ్చు, చేస్తానంటారు కూడా, కానీ ఆయన చెయ్యి వణుకుతోంది, ఆకులు పెళుసుగా ఉన్నాయి. అది తెలిసినవాళ్ళ చేత చేయించాలని ఒప్పించాం, ఒప్పించడానికి మనవరాలు అలగాల్సి వచ్చింది.

ఒక కట్టలో బొమ్మలున్నాయి. అక్కడ చట్టం వస్తుంది. 1972లో వచ్చి 1976 నుంచి అమల్లో ఉన్న పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువు, రాతప్రతి అయితే 75 ఏళ్ళు దాటి విలువున్నది, పురావస్తువు కిందికొస్తుంది. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. కానీ విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు లాంటి కొన్ని రకాలని పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసర్ దగ్గర ఫొటోలతో రిజిస్టరు చేయించుకోవాలి, చేతులు మారితే తెలియజెయ్యాలి, వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సుండాలి, దేశం దాటించకూడదు. మాస్టారి దగ్గర జానెడు కంచు విగ్రహం ఒకటుంది, దానికి పాత సర్టిఫికెట్ ఉంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా. బొమ్మల తాటాకు కట్టకి లేదు, ఎందుకంటే బొమ్మలున్నాయని తడిసి ఆరబెట్టినప్పుడే తెలిసిందట! దానికి దరఖాస్తు రాస్తున్నాం. ఇంకా పాతది 1878 నాటి నిధుల చట్టం, భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలి. ఇప్పటికీ పదే. ఆ కొనడానికొచ్చిన మనిషి మళ్ళీ ఫోన్ చేస్తే ఇవన్నీ మనవరాలే తీరిగ్గా చదివి వినిపించింది.

తవ్వ

మామ్మగారితో వచ్చిన పేచీ ఒకటే, ఇత్తడి కొలతపాత్రల దగ్గర. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ వరసలో అన్నీ ఉన్నాయి, తవ్వ లేదు. ఎక్కడుందంటే కింద బియ్యం డబ్బాలో, ఆవిడ రోజూ అన్నానికి దాంతోనే కొలుస్తారు. "మీ పుస్తకంలో రాసుకోండి, డబ్బాలోంచి మాత్రం తియ్యనివ్వను" అన్నారు. సబబే అనిపించింది. జాబితాలో ఉనికి అన్నచోట "వంటిల్లు" అని రాశాం.

అన్నిటినీ నీళ్ళతో కొలిచి చూస్తే రెట్టింపు సరిగ్గా రాలేదు, కుంచం కాస్త తక్కువ పట్టింది. చేసినవాడి లోపం అనుకున్నాను. మాస్టారు నవ్వి, ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు ఉండేవి కొన్ని కొట్లలో, ఇది ఇచ్చేదై ఉంటుంది అన్నారు. 1958 నుంచి కిలోలు వచ్చాక ఇవన్నీ పాతసామాన్ల వాళ్ళ బళ్ళెక్కాయి, ఆయన తూకానికే కొన్నారు.

కాగితాలు

రైలు టికెట్లు త్వరగానే అయిపోయాయి, అన్నీ మన చిన్న రైలువి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, రెండడుగుల ఆరంగుళాల పట్టాలు, తర్వాత గుణుపురం దాకా పోయింది. 2004లో ఆగి, బ్రాడ్‌గేజ్ అయి 2011లో మళ్ళీ కదిలింది. దళసరి అట్ట టికెట్లు, వెనక మాస్టారు ఏ పనికెళ్ళారో పెన్సిలుతో రాసుకున్నారు. టికెట్ కన్నా ఆ పెన్సిలు రాతే నాకు ముఖ్యం. ఫొటోలు రెండువైపులా తీశాం.

స్టాంపు కాగితాల పెట్టె మాత్రం ఆగి చూడాల్సింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి ఊరు ఇటొచ్చింది, జమీందారీ ఎస్టేటులో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. ఒకే కుటుంబం పొలం కాగితాలు, అంతకు ముందువి మద్రాసు స్టాంపులతో తెలుగులో, తర్వాతవి ఇల్లు ఈ పక్కా చెరువు గట్టు ఆ పక్కా అన్నట్టుగా రెండు దస్త్రాలుగా విడిపోయాయి. ఈ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చి పుస్తకాలు రాసి, ముఖలింగం శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి వెళ్ళిపోయింది ఆ ఏడాదే. మాస్టారు ఆయన్ని చూసే వయసువారు కాదు, కానీ శాసనాల పిచ్చి తనకి పట్టించింది తన మాస్టారని, ఆయనకి పట్టించింది గిడుగు వారని చెప్తారు.

మాటల రికార్డింగు

పనిలో పెద్ద భాగం ఇదని మొదలెట్టినప్పుడు అనుకోలేదు. మాస్టారి చీటీలు ఉన్నాయి గానీ అవి ఆయనకి మాత్రమే అర్థమయ్యే పొడి మాటలు: "పె.నా. ఇంట, వర్షం రోజు." మూట ముందుపెట్టి ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి అడిగితే తప్ప బయటికి రాదు. పొద్దున్న టిఫిను తర్వాత గంటసేపు బాగా గుర్తుంటుంది, సాయంత్రం అలసిపోయి కాశీనగరంది గుణుపురం అంటారు. కాబట్టి వస్తువుల ఫొటోలు సాయంత్రం, మాటలు పొద్దున్న. నేను షాపు ఆలస్యంగా తెరుస్తున్నాను, అడిగినవాళ్ళకి కరెంటు లేదని చెప్తున్నాను.

ఇంకో చిక్కు ఉంది, ఇది మన సరిహద్దు ఇళ్ళన్నిటిదీ. మనవరాలు గలగలా తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు, చదువంతా ఒడియా మీడియం. రేపు ఈ పెట్టెలు ఆ పిల్ల చేతికే వస్తాయి, తాతగారి చీటీలు ఆ పిల్లకే చదవరావు. అందుకని జాబితా రెండు లిపుల్లో చేస్తున్నాం. నేను తెలుగులో టైపు చేస్తే, తను రికార్డింగు విని ఒడియాలో రాస్తుంది. చీటీ ఫొటో దాని పక్కనే. దీనివల్ల పని రెట్టింపైంది, అయినా తను రాసిన ఒడియా కాలంలో నేను వదిలేసిన సంగతులు దొరుకుతున్నాయి, ఎందుకంటే తాతగారు తనతో చెప్పేటప్పుడు ఇంకాస్త విడమర్చి చెప్తారు. "ఎవరిచ్చారు తాతా?" అని తను అడిగితే "మీ నానమ్మ పెళ్ళికొచ్చిన బాజావాడు" అని వస్తుంది. నేనడిగితే "ఒక కళాకారుడు" అంటారు.

మాస్టారు చెప్పిందంతా నిజమని రాయడం లేదు. "మాస్టారు చెప్పింది", "చీటీలో ఉన్నది", "వస్తువు మీద ఉన్నది" మూడూ మూడు గడులు. ఒకదానితో ఒకటి కలవని చోట కలవలేదనే ఉంచాం. ఒక కత్తి ఫలానా యుద్ధంలోదని ఆయన గట్టి నమ్మకం, పిడి మీద మాత్రం తయారుచేసిన కంపెనీ పేరుతో అచ్చుగుద్ది ఉంది, చూస్తే కొబ్బరికాయలు కొట్టే కత్తిలా ఉంది. ఆయన గడిలో యుద్ధమే రాశాం, వస్తువు గడిలో అచ్చు.

ఇవాళ్టికి పరిస్థితి

ట్రంకుపెట్టెలన్నీ అయ్యాయి, డాల్డా డబ్బాలు సగం. ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి మాస్టారింట్లో, ఒకటి నా దగ్గర, మూడోది వాళ్ళబ్బాయికి పంపాలి. బొమ్మల తాటాకు దరఖాస్తుకి కొలతలు, ఫొటోలు సిద్ధం, సంతకం మిగిలింది. తర్వాత ఎవరికివ్వాలన్నది ఇంకా తేలలేదు. తాటాకులు భువనేశ్వర్ మ్యూజియానికిస్తే బాగా చూసుకుంటారని నా ఉద్దేశం, మూటలు విడగొట్టని చోటికే ఇస్తానని మాస్టారు, ఎక్కడికిచ్చినా గంజప ముక్కలు నావి అని మనవరాలు.

వచ్చేవారం కొమ్ము వస్తువుల డబ్బా తెరవాలి. మన ఊరి కొమ్ముపనే, కొంగలు, దువ్వెనలు, కర్రపిడులు. అడుగున సన్నటి పొడి కనిపిస్తోంది, పురుగు పట్టినట్టే ఉంది, తెరిచిన వెంటనే మిగతావాటికి దూరంగా వరండాలో పెట్టమని చెప్పాను. మామ్మగారు వరండాలో వడియాలు పెట్టారట, అవి ఎండేదాకా ఆగమన్నారు.